వరిమడి, కొంగ, పంది, పసివాడు

ఊడ్పులు ముగిసిన తొలిపక్షమున వరిమడి గట్టుపై నిలిచి చూచు కర్షకునకు నీరును, నీటిలో ప్రతిఫలించు ఆకాశమును, ఇంకను వేరూనని నాటుమొక్కలును కనబడును. అదే మడిలో క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ అను దోమకు తన సంతానమునకు వలసినదంతయు కనబడుచున్నది. ఎండ అడుగువఱకును చొచ్చుకొనిపోవు లోతులేని నీరు, ఆ నీటిలో సమృద్ధిగ పెరుగు సూక్ష్మజీవులు, రైతు చల్లిన నత్రజని ఎరువుచే ఇబ్బడియగు ఆహారము, ఇవన్నియు దానికి అయాచితముగ సమకూరుచున్నవి. పైరు దుబ్బుకట్టి, ఆకులొండొంటితో కలిసి, నీటిపై నీడ కమ్మినపిదప ఆ మడి ఈ దోమకు క్రమక్రమముగ పనికిరానిదగును. కావున నాట్లకును పైరు కమ్ముకొనుటకును నడుమనుండు కొలది వారములే దీనికి ముఖ్యమైన ఋతువు. కృష్ణా గోదావరీ డెల్టాలలో సార్వా, దాళ్వా అనియు, తెలంగాణమున ఆబీ, తాబీ అనియు వ్యవహరింపబడు రెండు పంటలును పండుచోట్ల ఆ ఋతువు ఏటికి రెండుమాఱులు వచ్చుచున్నది. మనవారు మెదడువాపు అనియు, వైద్యులు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనియు చెప్పు వ్యాధికి కారణమగు వైరసు లోకమున నిలిచియుండుటకు ఆధారమైన స్థానములలో ఈ వరిమడి మొదటిది.

డెంగీ జ్వరమును మోయు ఈడిస్ దోమ ఇంటి దోమ. కుండలలో, తొట్లలో, పాతటైర్లలో పుట్టి పట్టపగలే మనుష్యుని వెదకికొనివచ్చును. ఈ క్యూలెక్స్ జాతి యట్టిది కాదు. ఇది పొలముది. ప్రొద్దుగ్రుంకినపిదప ఆరుబయట సంచరించును. దీనికి మిక్కిలి ప్రియమైనవి పశువుల రక్తమును, పందుల రక్తమును. మనుష్యుని కుట్టుట దీనికి అంతగా నిష్టములేని పని. దొడ్లలో పట్టిన దోమల కడుపులోని రక్తమును పరీక్షించిన శాస్త్రజ్ఞులు అందు మానవరక్తము స్వల్పాంశముగనే యుండుటను పలుచోట్ల గమనించిరి. అయినను నాట్లకాలమున ఈ దోమల సంఖ్య ఎంత అపారముగ నుండుననగా, ఆ స్వల్పాంశమే పల్లెలోని పసిబిడ్డలకు ప్రాణాపాయము కలిగించుటకు చాలియున్నది. మలేరియాపై పోరాటమున ఇండ్లగోడలకు డీడీటీ చల్లిన దినములలో ఈ దోమకు కలిగిన నష్టము స్వల్పము. గోడపై వ్రాలి విశ్రమించు అలవాటు దీనికి తక్కువ.

ఈ వ్యాధిని తొలుత గుర్తించినది జపానులో. 1871 నాటికే అచటి వేసవి చివరి దినములలో వచ్చు ఈ జ్వరము వర్ణింపబడినది. 1924లో అది ఆరువేలమందికి పైగా సోకి, సోకినవారిలో సగముకంటె నెక్కువమందిని బలిగొనెను. అంతకు ఏడేండ్లు ముందు వియన్నాలో ఫాన్ ఎకనమో అను వైద్యుడు మఱియొక మెదడువాపును, రోగులను నిద్రలో ముంచునట్టిదానిని, వర్ణించియుండుటచే, రెంటికిని కలుగు భ్రాంతిని తొలగింప దానిని 'ఏ' రకమనియు, జపానుదానిని 'బి' రకమనియు కొంతకాలము పిలిచిరి. 1935లో ఒక మృతుని మెదడునుండి వైరసును వేఱుచేసిరి. నకయామా అను పేరున ప్రసిద్ధికెక్కిన ఆ వంశమే పిమ్మట దశాబ్దములపాటు టీకాలకు మూలమయ్యెను. 1938లో మిటమురా అను పరిశోధకుడును, ఆయన సహచరులును ఈ వైరసును దోమయందే కనుగొనిరి. దోమ మోయుచున్నదని తేలెను. కాని దోమకు అది ఎచటనుండి వచ్చుచున్నదను ప్రశ్నకు సమాధానము దొరకుటకు ఇంకొక రెండు దశాబ్దములు పట్టినది. నాకు ఈ కథలో అన్నింటికంటె ఆసక్తికరముగ తోచు భాగమదియే.

దానిని చెప్పుటకు ముందు వైరసు స్వరూపమును కొంత తెలిసికొనవలెను. ఇది పచ్చజ్వరము, డెంగీ, వెస్ట్ నైల్ మొదలగువాని వైరసులతోపాటు ఫ్లావివైరసు కుటుంబమునకు చెందినది. దీని వ్యాసము మిల్లీమీటరులో ఇరువదివేలవ వంతు. కొవ్వుపొరతో చుట్టబడిన గోళము. గోళములోపల సుమారు పదునొకండువేల అక్షరముల నిడివిగల ఏకతంతువైన ఆర్‌ఎన్‌ఏ. ఇది కణములోనికి ప్రవేశించినతోడనే కణముయొక్క యంత్రసామగ్రి దానిని తన సొంత ఆజ్ఞాపత్రమని భ్రమించి చదివి, ఒకే సుదీర్ఘమైన ప్రోటీనును తయారుచేయును; సాలెవాడు మగ్గముపైనుండి దించిన నిడుపాటి నేతను తానులుగ కత్తిరించినట్లు, కొన్ని ఎన్‌జైములు దానిని పది ముక్కలుగ ఖండించును. అందు మూడు వైరసు దేహమునకు. ఏడు వైరసును పునరుత్పత్తి చేయుటకును, కణముయొక్క రక్షణోపాయములను వమ్ముచేయుటకును. పదిప్రోటీనులతో సంసారము నడుపుకొను జీవి (దీనిని జీవియనవచ్చునా యను తర్కమును ప్రస్తుతమునకు విడిచిపెట్టుదము) కీటకదేహమున, పక్షిదేహమున, క్షీరదదేహమున, వేర్వేరు ఉష్ణోగ్రతలలో, వేర్వేరు కణములలో సమానముగ వర్తింపగలుగుట సామాన్యవిషయము కాదు.

దోమ వైరసుగల రక్తమును పీల్చినంతమాత్రమున వెంటనే ఇతరులకు దానిని అంటింపజాలదు. రక్తముతో లోనికి పోయిన వైరసు ముందుగ జీర్ణకోశపు గోడలోని కణములను ఆక్రమింపవలెను. అచట వృద్ధిపొంది గోడను దాటి దేహకుహరములోనికి రావలెను. అటనుండి లాలాజలగ్రంథులను చేరవలెను. ఈ ప్రయాణమునకు వాతావరణముయొక్క వేడినిబట్టి వారముమొదలు రెండువారములవఱకు పట్టును. వేడి హెచ్చుకొలది గడువు తగ్గును. దోమయొక్క ఆయుస్సే కొలది వారములగుటచే ఈ గడువును పూర్తిచేసి బ్రదికియుండు దోమలు అన్నింటిలో కొన్నియే. ఆ కొన్ని మాత్రము శేషజీవితమంతయు కుట్టిన ప్రతి ప్రాణిలోను వైరసును విడుచుచుండును. దోమకు మాత్రము దీనివలన చెప్పుకొనదగిన బాధ ఏమియు కలుగదు.

ఇక రెండవ ప్రపంచయుద్ధానంతరము టోక్యోనగరమున నెలకొల్పబడిన అమెరికా సైనిక వైద్యపరిశోధనాలయమున పనిచేసిన ఎడ్వర్డ్ బ్యూషర్, విలియం షెరర్ అను ఇరువురును, వారి సహచరులును, 1952 మొదలుకొని కొన్ని సంవత్సరములపాటు కాంటో మైదానమునందలి పల్లెలను ఋతుక్రమమున పరిశీలించిరి. వారు రోగులను వెదకుటతో ఆగక, ఆ పల్లెచుట్టుగల ప్రాణికోటిలో ఎవరి రక్తమున వైరసు ఎప్పుడు ప్రవేశించుచున్నదో, ఎన్నిదినములుండుచున్నదో, ఏ ప్రాణిని కుట్టిన దోమకు అంటుచున్నదో వరుసగ చూచిరి. చెట్లపై గుంపులుగ గూడుకట్టు కొంగలలో, ముఖ్యముగ రాత్రివేళ మేతకుపోవు జాతివానిలో, రెక్కలురాని పిల్లల నెత్తురున వైరసు సమృద్ధిగ వృద్ధియగుచుండెను. పందులలోను అట్లే. మఱియు, వేసవిలో దోమలయందు వైరసు కనబడుట, పందిపిల్లలకు సోకుట, మనుష్యులు జబ్బుపడుట అనునవి ఒకదానివెంట నొకటి నియతక్రమమున వచ్చుచుండెను. చివరిది మనుష్యుని వంతు. అదియు ఈ చక్రమున భాగము కాదు. చక్రమునుండి ప్రక్కకు చింది పడిన తుంపర.

కొంగ, పంది అను ఈ రెండింటిలో కొంగ దూరములకు మోయునది, పంది దగ్గఱలో పెంచునది. కొంగజాతి పక్షులు పొలములలోనే మేయును, పొలముల చెంతనే గూళ్లుకట్టును. ఊరినుండి యూరికి, ఋతువులనుబట్టి ఇంకను దూరమునకు పోవును. వైరసు సోకినను వానికి జబ్బుచేయదు. పందికిని సామాన్యముగ జబ్బుచేయదు. కడుపుతోనున్న పందికి సోకినచో మాత్రము ఈసుకపోవుటయో, మృతశిశువులను కనుటయో సంభవించును. పంది రక్తములో మూడునాలుగు దినములపాటు వైరసు విస్తారముగ నుండి, ఆ దినములలో కుట్టిన వందలకొలది దోమలకు అంటుకొనును. పిమ్మట ఆ పందికి జీవితాంతము రక్షణ కలుగును. కాని ఏటేట పుట్టు పందిపిల్లలకు ఆ రక్షణ లేకుండుటచే, మాంసమునకై ఏటేట పందులను కోసి క్రొత్తవానిని పెంచు మనుష్యుడే వైరసునకు ఎప్పటికప్పుడు నూతనాతిథులను సిద్ధముచేయుచున్నాడు. పశువుల సంగతి వేఱు. ఆవును, గేదెను దోమలు విపరీతముగ కుట్టును; వానికి వైరసు సోకును కూడ; కాని వాని నెత్తురులో అది దోమకు అంటునంత హెచ్చుగ నుండదు. అందుచే పశువులు మెండుగ, పందులు తక్కువగ నున్న పల్లెలో దోమకాటులనేకము వైరసునకు వ్యర్థమై పోవును. దక్షిణభారతమున దోమలు అపరిమితముగ నున్నచోట్లను వ్యాధి కొన్నియెడల స్వల్పముగనే యుండుటకు ఇది ఒక కారణమని ఈ విషయమున పరిశ్రమించినవారు భావించిరి.

మానవుడు ఈ వైరసునకు పశువుకంటె నిరుపయోగి. అతని రక్తములో అది కొలదిగ, కొలదికాలము మాత్రమే యుండును. అతనిని కుట్టిన దోమకు సామాన్యముగ అంటదు. రోగినుండి రోగికి వ్యాపింపదు. సోకినవారిలో సుమారు 250 మందికి ఒకరికి మాత్రమే తీవ్రమైన జబ్బు వచ్చును. మిగిలినవారు జ్వరము తగిలెనో లేదో తెలియకయే జీవితాంతపు రక్షణను పొందుదురు. దీనివలననే ఈ వ్యాధి స్థిరముగ నున్న పల్లెలలో పెద్దలకు రాక పిల్లలకు వచ్చుచుండును. పెద్దలు తాము పిల్లలై యున్నపుడే ఎఱుకలేకుండ ఈ పరీక్షను దాటినవారు. ఆ ఒక్క దురదృష్టవంతునకు మాత్రము, దోమ కుట్టిన అయిదుమొదలు పదునైదు దినములలోపల తలనొప్పి, వాంతులు, తీవ్రజ్వరము, పిమ్మట మూర్ఛలు, స్మృతిహీనత సంభవించును. వైరసు మెదడునడుమనుండు థాలమస్ అను భాగమును, దేహచలనములను సరిదిద్దు కేంద్రములను ఎన్నుకొని ధ్వంసముచేయుటచే, బిడ్డముఖము చేష్టలు దక్కి బొమ్మముఖమువలె నగుటయు, చేతులు వణకుటయు, అవయవములు కొయ్యబారుటయు కనబడును. తీవ్రముగ జబ్బుపడినవారిలో దాదాపు మూడవవంతువఱకు మరణింతురు. బ్రదికినవారిలోను అనేకులకు మాట, నడక, బుద్ధి, ప్రవర్తన పూర్వమువలె నుండవు. ఆ బిడ్డలు ఇంటికి తిరిగివచ్చినపిదప తల్లిదండ్రులకు మొదలగు కష్టమును ఆసుపత్రుల లెక్కలు చూపవు. మెదడు లక్షణములు పొడసూపునప్పటికి రక్తమునుండి వైరసు తొలగిపోయియుండుటచే దానిని పట్టుకొనుట దుర్లభము. వెన్నునీటిలో శరీరము పుట్టించిన ప్రతిరక్షకములను పరీక్షించియే వ్యాధిని నిర్ణయింతురు. వైరసును చంపు మందు నేటివఱకును లేదు.

మనదేశమున రాక్‌ఫెల్లర్ సంస్థ తోడ్పాటుతో 1952లో పూనాలో స్థాపింపబడిన వైరస్ పరిశోధనాకేంద్రము ఈ వైరసుయొక్క జాడలను ఆ తొలివత్సరములలోనే జనుల రక్తమున గుర్తించెను. 1955లో వేలూరులో తొలిరోగులను నిర్ధారణచేసిరి. వేలూరునకు ఎగువనున్న ఆంధ్రదేశపు సరిహద్దు ప్రాంతములును ఆ తొలిచరిత్రలో చేరినవే. 1973లో పశ్చిమబెంగాలునందలి బాంకురా, బర్ధమాను జిల్లాలలో పెద్దయెత్తున చెలరేగెను. పిమ్మట అస్సాము, ఉత్తరప్రదేశ్, కర్ణాటకములకు పేరు వచ్చెను. ఆంధ్రప్రదేశమునందు 1999లో అనేక జిల్లాలలో పిల్లలు జబ్బుపడిరి. 2005లో గోరఖ్‌పూరు ప్రాంతమున అయిదువేలకు పైగా రోగులు, వేయికి పైగా మరణములు సంభవించుటతో దేశమంతయు ఉలికిపడెను. ఆ తరువాతనే విస్తృతమగు టీకాప్రయత్నము మొదలయ్యెను. అది కొన్ని ఏండ్లు ముందు జరిగియుండవలసినదని నా అభిప్రాయము.

మెదడువాపు అంతయు ఈ వైరసువలననే కలుగునని తలచుట ఎంత ప్రమాదమో రెండు ఉదాహరణములు చెప్పుచున్నవి. 1998 చివర మలేషియాలోని ఇపో పరిసరములయందు పందులపెంపకపు కేంద్రములలో పనిచేయువారికి మెదడువాపు రాగా, పందులు, దోమలు, మెదడు అను మూడింటిని చూచినవారికి సహజముగ జపనీస్ ఎన్‌సెఫలైటిస్ స్ఫురించెను. పొగమందు కొట్టిరి, టీకాలు వేసిరి. కాని జబ్బుపడినవారు పిల్లలు కారు. పందులను స్వయముగ ముట్టి పనిచేయు యువకులు, నడివయసువారు. సమీపముననే నివసించుచు పందులను ముట్టని ముస్లిములకు ఏమియు కాలేదు. దోమ మతమును చూచి కుట్టదు గదా! ఈ వైషమ్యమును పట్టించుకొనిన కొందఱిలో ఒకడైన చువా కావ్ బింగ్ అను యువపరిశోధకుడు మలయా విశ్వవిద్యాలయమున 1999 మార్చిలో ఒక రోగినుండి వైరసును వేఱుచేయగా, అది ఫ్లావివైరసే కాదనియు, లోకమునకు అంతకుముందు తెలియని వేఱొక కుటుంబపు వైరసనియు తేలినది. నిపా అని మనము పిలుచునది అదియే. 105 మంది మరణించిరి. పదిలక్షలకు పైగా పందులను సంహరించిరి. రెండవ ఉదాహరణము మన తెలుగునేలదే. 2003 వేసవిలో ఆంధ్రప్రదేశమునందు 329 మంది పిల్లలు మెదడువాపుతో జబ్బుపడి, 183 మంది మరణించిరి. పరీక్షలలో తేలిన నిందితుడు చండీపురా వైరసు. దానిని మోయునది దోమ కాదు, పాతగోడల పగుళ్లలో, పశువులపాకలలో నుండు శాండ్‌ఫ్లై అను అతిసూక్ష్మమైన ఈగ. అది పుట్టునది వరిమడినీటిలో కాక తేమగల మట్టిలోను, చెత్తలోను. కావున జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కును, దీనికిని గల నివారణోపాయములు ఒండొంటికి చాలవు.

ఈ వైరసునకు శాస్త్రజ్ఞులు అయిదు జన్యువంశములను లెక్కించిరి. దశాబ్దములపాటు ఆసియా అంతట ప్రధానముగ నుండిన మూడవ వంశమును, గత శతాబ్దము చివరినుండి మొదటి వంశము అనేకదేశములలో తొలగించివేయుచున్నది. వైరసు సీమలు దాటుటకు పక్షులొక మార్గము, గాలి ఒక మార్గము, మనుష్యులు వరిసాగును విస్తరించుట మూడవ మార్గము. 1995లో ఆస్ట్రేలియాకును న్యూగినీకిని నడుమగల టోరెస్ జలసంధిలోని బాడు అను చిన్నద్వీపమున ముగ్గురికి సోకి ఇరువురు మరణించిరి. అచట వరిపొలములు లేవు, పెరటిలో పందులుండెను. 2022లో ఆస్ట్రేలియా ఆగ్నేయభాగమున వర్షములు, వరదలు విపరీతమైన కాలమున, అనేక పందులకేంద్రములలో గర్భస్రావములు, మృతజననములు కనబడి, ఆ వైపు ఎన్నడును కానని వైరసు మాటుమణిగి వ్యాపించినదని ఎఱుకపడినది. నలువదికి పైగా మనుష్యులకు సోకి ఏడుగురు చనిపోయిరి. వరిమడిలేనిచోట వరద ఆ పనిని చేసెను.

నివారణకై మొదట దోమనే ఎదుర్కొనిరి. వరిమడినంతను కీటకనాశినితో తడుపుట వ్యయసాధ్యము; అట్లు చేసినను, పైరుపురుగులకై ఏండ్లతరబడి చల్లిన మందులకు జపాను, కొరియాలలో ఈ దోమ అలవాటుపడి వానిని లెక్కచేయని స్థితికి వచ్చెను. మడిని ఎప్పుడును నింపియుంచక నడుమనడుమ ఆఱగట్టి మరల తడిపెట్టు పద్ధతిని అవలంబించినచో, నీరు ఇంకిపోయిన దినములలో దోమపిల్లలు నశించును, నీటిఆదాయును జరుగును. కాలువక్రింద ఆయకట్టులో ఒకరి మడి ఆఱుటకు, ప్రక్కవాని మడి నిండుటకు నడుమ వచ్చు తగవులు తెలిసినవారికి ఈ ఉపాయము పుస్తకములో నున్నంత సులభము కాదని తెలియును. పందులకు టీకా వేయవచ్చును, కాని అవి త్వరగ కోయబడి ఏటేట క్రొత్తవి పుట్టుచుండుటచే శ్రమకు తగిన ఫలితము దక్కదు. మిగిలినది మనుష్యునకు టీకా.

ఎలుక మెదడునుండి చేసిన టీకాను 1945లో ఒకినావాలో అమెరికా సైనికులకు హడావుడిగ వేసిరి. ఆ పనిలో ఆల్బర్ట్ సాబిన్ పాలుగొనెను. తరువాత పోలియో చుక్కలతో ప్రసిద్ధుడైనవాడతడే. జపాను 1954లో తన సొంత టీకాను ప్రవేశపెట్టెను. చైనావారు షియాన్ నగరమున దోమపిల్లలనుండి తీసిన వైరసును హేమ్‌స్టర్ మూత్రపిండ కణములలో మాటిమాటికి పెంచి దాని క్రూరత్వమును తగ్గించి, ఎస్‌ఏ 14-14-2 అను సజీవ టీకాను సిద్ధముచేసిరి. 2006లో భారతప్రభుత్వము 11 జిల్లాలలో పిల్లలకు వేయించినది అదియే. 2013లో హైదరాబాదునందలి భారత్ బయోటెక్ సంస్థ, 1981లో కోలారు ప్రాంతమున లభించిన వైరసువంశమునుండి దేశీయమైన మఱియొక టీకాను వెలువరించెను.

టీకా వేసికొనిన బిడ్డ తాను మాత్రమే రక్షింపబడును. తట్టువంటి రోగములలో పదిమందికి టీకా వేసినచో పదునొకండవవానికిని కొంత రక్షణ కలుగునుగాని, ఇచట కలుగదు. తట్టు మనుష్యునినుండి మనుష్యునకు పోవునది. దీనికి మనుష్యులతో పని లేదు. ఒకదేశమున బిడ్డలందఱికి టీకా వేసినను ఒక్క దోమలోనైన, ఒక్క కొంగలోనైన వైరసు తగ్గదు. జపానులో ఈ వ్యాధి నేడు ఏటికి దాదాపు పదిమందిలోపునే వచ్చుచున్నది. వచ్చినవారిలో పలువురు టీకారక్షణ క్షీణించిన వృద్ధులు. అయినను వధ్యశాలలకు వచ్చు పందిపిల్లల రక్తమును ఆ దేశమువారు ప్రతిసంవత్సరము వేసవిలో పరీక్షించుచునే యున్నారు. ఆ పరీక్షలలో దక్షిణప్రాంతపు పందులు ముందుగను, ఉత్తరమువి పిదపను, ప్రతివేసవిలోను ప్రతిరక్షకములను చూపుచునే యున్నవి.